ఇంటి పద్దు: కూతకు వెళ్ళేవాడి వెల



విలువ వేరు, వెల వేరు. మనిషి విలువను గూర్చి ఈ పత్రికలోని మిగిలిన పేజీలలో పెద్దలు వ్రాస్తూనే ఉంటారు. ఇది పద్దుల పేజీ గనుక వెలను గూర్చి మాట్లాడుకుందాం. ఈ నెల వెల కట్టవలసినది పత్తికి కాదు, మిరపకాయకు కాదు, కబడ్డీ ఆడే ఒక కుర్రవాడికి.

మాచర్ల వైపు నుండి ఒక తండ్రి ఉత్తరం వ్రాశారు. పెద్దకొడుకు డిగ్రీ రెండవ సంవత్సరం. సంక్రాంతి పోటీలలో అతడు కూతకు వెళితే చుట్టుపక్కల నాలుగు ఊళ్ళవారు చూడవస్తారట. 2023లో తెలుగు టైటాన్స్ జట్టువారు ఒక ఆటగాణ్ణి 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకున్నారని టీవీలో చూసి, “అందులో పదోవంతు నాకు రాదా నాన్నా?” అని అడుగుతున్నాడట. చదువు మాని, ఉన్న ఎకరంన్నరలో అర ఎకరం అమ్మి, ఎక్కడికో శిక్షణకు పంపమంటున్నాడు. తల్లి ఒప్పుకోవడం లేదు. ఇంట్లో నెల రోజులుగా మాటలు లేవు. “అసలు ఆటగాడికి వెల ఎలా కడతారు? మావాడికి ఎంత వస్తుంది?” అన్నది తండ్రిగారి ప్రశ్న. సంఘంలోని యౌవనస్థులు కూడా ఇదే మాట అడుగుతున్నారు గనుక కొంచెం వివరంగానే చూద్దాం.

మన చిన్ననాటి చెడుగుడు ప్రో కబడ్డీ లీగ్ అనే పేరుతో 2014లో టీవీకెక్కింది. ఆ ఏడు వేలంపాటలో అందరికంటె ఎక్కువ పలికినది రాకేష్ కుమార్. పాట్నా జట్టు అతనికి ఇచ్చినది 12 లక్షల 80 వేలు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 2018లో, మోనూ గోయత్‌కు హర్యానా జట్టు కోటి 51 లక్షలు ఇచ్చింది. ఆ సంవత్సరమే మన టైటాన్స్ రాహుల్ చౌదరిని కోటి 29 లక్షలకు అట్టిపెట్టుకుంది. 2022లో తమిళ్ తలైవాస్ పవన్ సెహ్రావత్‌కు 2 కోట్ల 26 లక్షలు ఇచ్చింది. మరుసటి ఏడు టైటాన్స్ అతణ్ణే మీరు చెప్పిన ధరకు పాడుకున్నది.

ఈ అంకెలు చూసినప్పుడు మన కళ్ళు మొదట కోట్ల మీద పడతాయి. నాకైతే పర్సు మీద పడింది. 2023లో ఒక్కొక్క జట్టు ఆటగాళ్ళందరి మీద కలిపి ఖర్చు చేయదగిన సొమ్ము 5 కోట్లు, అంతకు మించడానికి వీలు లేదు. ఆ 5 కోట్లతో కనీసం 18 మందిని, ఎక్కువలో ఎక్కువ 25 మందిని తీసుకోవాలి. టైటాన్స్ ఒక్క మనిషికే సగానికి పైగా పెట్టింది. మిగిలిన 2 కోట్ల 39 లక్షల 50 వేలను తక్కువలో తక్కువ 17 మందికి పంచితే తలకు 14 లక్షలు. పదిమంది ఉన్న ఇంట్లో పెద్దవాడి పెండ్లికి సగం ఆస్తి ఖర్చు చేసి, మిగతా పిల్లల చదువులకు చిల్లర ఏరుకున్నట్లన్నమాట.

ఫలితం అందరికీ తెలిసినదే. ఆ సీజన్‌లో పవన్ తన పని తాను చేశాడు, రైడ్లలో 200కు పైగా పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 22 ఆటలలో రెండే గెలిచి, 12 జట్లలో పన్నెండవ స్థానంలో నిలిచింది. ఇందులో తప్పు పవన్‌ది అనడం నాకు న్యాయంగా తోచదు. అయితే ఆ 200 పాయింట్ల వెల ఎంత? 2 కోట్ల 60 లక్షలను 200తో భాగించండి, పాయింటుకు లక్షా 30 వేలు.

ఇప్పుడు మరొకరి పద్దు చూడండి. మహారాష్ట్రకు చెందిన సిద్ధార్థ్ దేశాయ్‌ని 2018లో ముంబై జట్టు 36 లక్షల 40 వేలకు తీసుకున్నది. అతడు సుమారు 220 పాయింట్లు చేశాడు. పాయింటుకు పదహారున్నర వేలు పడింది. ఆ ఆట చూసి 2019లో టైటాన్స్ కోటి 45 లక్షలు పెట్టింది. ఈసారి కూడా సుమారు 220 పాయింట్లే చేశాడు. అదే మనిషి, అవే పాయింట్లు, ధర మాత్రం నాలుగింతలు. ముంబై జట్టు ఆ ఏడు ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది, టైటాన్స్ మరుసటి ఏడు పదకొండవ స్థానంలో ఆగింది.

ఎందుకిలా? మన పల్నాటి రైతుకు ఇది వెంటనే తెలియాలి. బండలాగుడు పోటీలకు ఒంగోలు జాతి ఎడ్లను తోలేవారిని అడగండి, వారు ఒక ఎద్దుకు వెల చెప్పరు, జతకు చెబుతారు. ఒకటి ఎంత బలమైనదైనా పక్కది ఈడుజోడు కాకపోతే బండ వంకరగా వస్తుంది, బలమైనదే ముందు అలిసిపోతుంది. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు పట్టుబడితే బయట కూర్చోవాలి. తన జట్టు మళ్ళీ ఒక పాయింటు తెచ్చేదాకా లోపలికి రాలేడు. ఆ పాయింటు తేవలసినది ఎవరు? వెనుక పట్టు పట్టేవారు. ముంబైలో సిద్ధార్థ్ వెనుక ఇరాన్ దేశస్థుడు ఫజల్ అత్రాచలి ఉన్నాడు. కోటి రూపాయలు పలికిన పట్టుగాడు. సిద్ధార్థ్ బయటకు పోతే ఫజల్ అవతలివాడి చీలమండ పట్టి ఇతణ్ణి లోపలికి తెచ్చేవాడు. కూతగాడి పాయింట్లలో కొంత భాగం నిజానికి పట్టుగాళ్ళ పద్దులో వ్రాయవలసినది. పాటలో పాడేవారు ఆ భాగాన్ని కూడా కూతగాడి పేరనే కొనేస్తారు, కొన్న తరువాత అది రాదు!

అమెరికా దేశంలో ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉన్నది. పేరుకు ఫుట్‌బాల్ గాని ఎక్కువగా చేతులతోనే ఆడతారు. దానిలో వైడ్ రిసీవర్ అనేవాడు మైదానం అంచు నుండి పరుగెత్తి, దూరం నుండి విసిరిన బంతిని అందుకోవాలి. అక్కడ 1993 నుండి, ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు పోవడానికి స్వేచ్ఛ వచ్చింది. 1994 నుండి జట్టు మొత్తం జీతాలకు హద్దు పెట్టారు. అప్పటినుండి వారికీ ఇదే తలనొప్పి. వైడ్ రిసీవర్ ఎన్ని బంతులు పట్టాడు, ఎన్ని గజాలు పరుగెత్తాడు అని లెక్క వేసి లక్షల డాలర్లు ఇస్తారు. కాని బంతిని సరిగా విసిరేవాడు పాత జట్టులోనే ఉండిపోతాడు గదా! కొత్త జట్టులో విసిరేవాడు సరిలేకపోతే అవే కాళ్ళు, అవే చేతులు, లెక్క మాత్రం సగం. మన కూతగాడు ఆ వైడ్ రిసీవర్‌కు వేలువిడిచిన తమ్ముడనుకోండి.

సరే, వెల కట్టడానికి సరియైన పద్ధతి ఏమిటి? నాకు తెలిసినంతలో మొదటి ప్రశ్న “ఇతడు ఎన్ని పాయింట్లు తెస్తాడు?” అని కాదు. “ఇతడు లేకపోతే ఇతని చోట నిలబడేవాడు ఎన్ని తెస్తాడు?” అని. జట్టు ఎలాగూ కూతకు ఎవరినో ఒకరిని పంపాలి. ఆట 40 నిమిషాలు, కూతకు 30 సెకన్లు, అంటే ఒక్కొక్క జట్టుకు 40 కూతలు. ఎవరు వెళ్ళినా కొన్ని పాయింట్లు వస్తాయి. ఉదాహరణకు 20 లక్షల ఆటగాడు సీజన్‌కు 120 తెస్తాడనుకుందాం. 2 కోట్ల 60 లక్షల ఆటగాడు 200 తెచ్చాడు. జట్టు అధికంగా ఇచ్చిన 2 కోట్ల 40 లక్షలకు అధికంగా వచ్చినవి 80 పాయింట్లు. పాయింటుకు 3 లక్షలు! ఇందాక లక్షా 30 వేలు అనుకున్నది ఇప్పుడు రెండింతలు దాటింది. ఆ 2 కోట్ల 40 లక్షలతో ఇద్దరు ముగ్గురు మంచి పట్టుగాళ్ళు వచ్చేవారు.

“ఇదంతా కాగితం మీది లెక్క” అంటారేమో. 2022లో తమిళ్ తలైవాస్‌కు జరిగినది చూడండి. 2 కోట్ల 26 లక్షలు ఇచ్చి తెచ్చుకున్న పవన్ మొదటి ఆటలోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. అందరూ ఆ జట్టు పని అయిపోయిందన్నారు. అతని చోట కూత భారం మోసినది నరేందర్ అనే కొత్త కుర్రవాడు. పాటలోకి కూడా రాని వాడు. కొత్త యువ ఆటగాళ్ళు అని వేరే తరగతి ఉన్నది, వారికి నిర్ణయించిన చిన్న మొత్తం మాత్రమే ఇస్తారు. ఆ తరగతిలో వచ్చినవాడు. మొదటి సీజన్‌లోనే 240కి పైగా రైడ్ పాయింట్లు చేశాడు. అంతవరకు ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ మెట్టు ఎక్కని తలైవాస్ ఆ ఏడు సెమీఫైనల్ ఆడింది. ఆ పేరుమోసిన ఆటగాడు లేనిచోట ఎంత వస్తుందో దేశమంతా చూసింది. చూసిన మరుసటి ఏడే అతని ధర ఇంకా పెరిగింది. వేలంపాట మనసు ఎలా పనిచేస్తుందో నాకు ఇప్పటికీ పూర్తిగా బోధపడదు.

కొంతవరకు బోధపడేది గుంటూరు మిర్చి యార్డు వలన. మీరు తెచ్చిన కాయ నిన్నటి కాయే. రంగు అదే, ఘాటు అదే. కాని ఈరోజు ఎన్ని టిక్కీలు దిగాయి, కొనేవారు ఎందరు, వారి చేతిలో ఎంత మిగిలింది అన్నదాని మీద ధర నిలుస్తుంది. పాట పెరగాలంటే కనీసం ఇద్దరికి అదే సరుకు కావాలి, ఇద్దరి దగ్గరా డబ్బు ఉండాలి. ఒక్కడే ఉంటే అడుగు ధరకే పోతుంది. సిద్ధార్థ్ దేశాయ్ 2021లో కోటి 30 లక్షలు పలికాడు. ఆ సీజన్ ఆరంభంలోనే భుజానికి దెబ్బ తగిలింది. టైటాన్స్ 22 ఆటలలో ఒక్కటే గెలిచింది. 2022 పాటలో అతణ్ణి అదే జట్టు 20 లక్షలకు తీసుకున్నది. 2023లో హర్యానా జట్టు తిరిగి కోటి రూపాయలు ఇచ్చింది. కోటి 45 లక్షలు, కోటి 30 లక్షలు, 20 లక్షలు, కోటి. ఐదేళ్ళలో ఒక్క మనిషికి నాలుగు ధరలు. అతని భుజం బలం అన్నిసార్లు మారి ఉంటుందా?

పవన్ పద్దు కూడా పూర్తి చేద్దాం. 2024లో టైటాన్స్ తనకున్న హక్కును వాడి, వేరొక జట్టు పాడిన ఆఖరి పాటకు సరిసమానంగా కోటి 72 లక్షల 50 వేలు ఇచ్చి అతణ్ణి ఉంచుకుంది. ఆ ఏడు టైటాన్స్ 12 ఆటలు గెలిచి ఏడవ స్థానానికి వచ్చింది. 2025లో అతణ్ణి వదులుకుంది. తలైవాస్ 59 లక్షల 50 వేలకు తీసుకున్నది, సీజన్ పూర్తి కాకముందే అతడు ఆ జట్టుకు దూరమయ్యాడు. ముప్పై ఏళ్ళు నిండని మనిషికి రెండేళ్ళలో ధర నాలుగోవంతుకు పడిపోయింది. ఎద్దును కొనేవాడు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. ఆటగాడి పళ్ళు అతని మోకాళ్ళలో ఉంటాయి.

మన టైటాన్స్ మాత్రం 2025లో తెలివి తెచ్చుకున్నదని నా అభిప్రాయం. కోట్ల ఆటగాడు లేడు. 2024లో 20 లక్షలకు వచ్చిన విజయ్ మాలిక్‌ను యాభై లక్షలకు కాస్త పైన ఇచ్చి ఉంచుకుని నాయకుణ్ణి చేశారు. భరత్ హుడాకు 81 లక్షలు ఇచ్చారు. ఇద్దరూ కూతకు వెళ్తారు, పట్టు కూడా పడతారు. ఇద్దరికీ కలిపి అయినది 2023లో ఒక్క మనిషికి పెట్టిన దానిలో సుమారు సగం. జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్ళి, ఫైనల్‌కు ఒక్క ఆట దూరంలో పుణే చేతిలో ఓడింది. జత కుదిరితే ఇంత తేడా.

ఇక ఉత్తరం వ్రాసిన తండ్రిగారికి.

అయ్యా, మీ అబ్బాయి అడిగిన పదోవంతు, అంటే 26 లక్షలు, చిన్న సొమ్ము కాదు. 2023 పాటలో మొదటి తరగతి ఆటగాడి అడుగు ధర 30 లక్షలు, రెండవ తరగతికి 20, మూడవ దానికి 13, నాలుగవ దానికి 9. చాలామంది ఆ అడుగు ధరల దగ్గరే అమ్ముడుపోతారు, కొందరిని ఎవరూ అడగరు. 12 జట్లు, జట్టుకు 25 మంది అనుకున్నా దేశం మొత్తానికి 300 చోట్లు. తెలుగు టైటాన్స్ అన్న పేరు ఉన్నా, పైన చెప్పిన కోట్ల ఆటగాళ్ళలో ఒక్కరూ తెలుగువారు కారని గమనించారా? ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, ఢిల్లీ. అక్కడి కొన్ని ఊళ్ళలో పిల్లలు కూడా మ్యాట్ మీద ఆడతారు. మన పోటీలు ఎక్కువగా మట్టి మీద. మట్టిలో జారే కాలు మ్యాట్ మీద అతుక్కుంటుంది, చీలమండ తిరుగుతుంది. అబ్బాయి బరువు కూడా చూడండి, పెద్దల పోటీలలో 85 కిలోలు దాటకూడదు.

టీవీలో చెప్పే మొత్తం ఒక సీజన్‌కు ఇచ్చేది, ఆదాయపు పన్ను కూడా అందులోనే. ఆ మరుసటి ఏడు మళ్ళీ పాట. అర ఎకరం మాత్రం ఒకసారి అమ్మితే మళ్ళీ పాటకు రాదు. శిక్షణకు డబ్బు కావాలంటే కౌలుకు ఇవ్వండి, అమ్మవద్దు. పాటలో పేరు పెట్టిస్తాను, ఇంత ఇవ్వండి అనేవాడు మీ ఇంటికి వస్తే మజ్జిగ ఇచ్చి పంపండి, రూపాయి ఇవ్వవద్దు. మంచి కుర్రవాడైతే వారు మనకు ఇస్తారు గాని మనం వారికి ఇవ్వనక్కరలేదు.

చదువు మానడం అన్నిటికంటె పెద్ద నష్టం, ఆట లెక్కలోనే నష్టం. డిగ్రీలో ఉంటేనే నాగార్జున విశ్వవిద్యాలయం జట్టు ఎంపికకు వెళ్ళగలడు, అక్కడినుండి అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్ళగలడు. కబడ్డీలో బలమైన జట్లు రైల్వేవారివి, సైన్యం వారివి. క్రీడల కోటాలో వారు ఉద్యోగమిస్తారు. నెలనెలా జీతం, మోకాలు పోయినా ఆగనిది. ఇది కోటి రూపాయల మాట కాదు గాని, ఇంటి పద్దులో దీనిని కలపకపోతే లెక్క తప్పుతుంది. తల్లిగారి భయం సగం ఇక్కడ తీరుతుందనుకుంటాను. అబ్బాయి పట్టుదలను కూడా తక్కువ చేయవద్దు. నరేందర్ వచ్చినది పాట ద్వారా కాదు, కొత్త యువ ఆటగాళ్ళ ద్వారం గుండా. ఆ ద్వారం మీవాడి వయసు వారికోసమే.

వెల ఎంత అని మీరు అడిగారు. చూడకుండా నేను చెప్పలేను, మీరే కట్టండి. నాలుగణాల లెక్కల పుస్తకం తీయండి, ఇప్పుడు పది రూపాయలనుకోండి. రాబోయే పది ఆటలకు అబ్బాయితో వెళ్ళి గట్టు మీద కూర్చుని అయిదు గళ్ళు గీయండి. మొదటి గడిలో ఎన్నిసార్లు కూతకు వెళ్ళాడు. రెండవ దానిలో ఎందరిని తాకి వచ్చాడు. మూడవ దానిలో ఎన్నిసార్లు పట్టుబడ్డాడు, పట్టుబడి ఎన్ని నిమిషాలు బయట కూర్చున్నాడు. చప్పట్లలో పడి దీనిని ఎవరూ వ్రాయరు. నాలుగవ గడిలో అతడు బయట ఉన్నప్పుడు కూతకు వెళ్ళిన రెండవ కుర్రవాడు ఎన్ని తెచ్చాడు. ఇద్దరినీ పది కూతలకు ఇన్ని అని సమానం చేసి, మొదటివాడి దానిలోనుండి రెండవవాడిది తీసివేయండి. మిగిలినదే మీవాడి సొంతం. అయిదవ గడిలో అవతలి జట్టు పేరు వ్రాయండి. పక్క ఊరి పిల్లల మీద చేసిన పది, జిల్లా జట్టు మీద చేసిన మూడు ఒకే కుప్పలో పోయవద్దు. రెండు కూతలు ఖాళీగా పోయిన తరువాత వచ్చే మూడవ కూతలో పాయింటు తేకపోతే ఆటగాడు బయటకు పోతాడు గదా, అటువంటి కూతలు ఎన్నింటిలో గెలిచి వచ్చాడో పక్కన ఎర్ర సిరాతో వేయండి. కాగితం అబ్బాయి చేతనే కూడించండి. పది ఆటలు అయ్యాక ఆ కాగితం నకలు ఈ పేజీ పేరున పంపితే, గురజాల, నరసరావుపేట వైపు నుండి ఇదే ప్రశ్న అడిగిన వారి లెక్కలతో కలిపి చూద్దాం.